గాలిమీద నింద: 'మలేరియా' మాట పుట్టుపూర్వోత్తరాలు

పాతపట్నం ప్రాంతంలో ఒకే జబ్బుకి మూడు పేర్లు వినపడతాయి. ముసలివాళ్లు చలిజొరం అంటారు. ఉద్యోగం మీదో బేరం మీదో కొండలకి వెళ్లివచ్చే పల్లపు వూళ్లవాళ్లు మన్యం జొరం అంటారు. ఆసుపత్రి చీటీలోనూ, బడిపుస్తకంలోనూ, ఇప్పుడు దాదాపు అందరి నోటా అది మలేరియా. మొదటి పేరు రోగి వొంటిని చూసి పెట్టింది. రెండోది ఆ రోగం ఎక్కడ తగులుకుందో చూసి పెట్టింది. మూడోది దేన్ని చూసి పెట్టింది? ఎవరు పెట్టారు? ఎక్కడ నిలబడి పెట్టారు? మాటల పుట్టుక వెతకటం పండితుల కాలక్షేపమని మనలో చాలామంది అనుకుంటారు. ఈ ఒక్క మాట విషయంలో ఆ అభిప్రాయం మార్చుకోక తప్పదు. జబ్బుకి పేరు పెట్టటమంటే ఆ జబ్బుకి దోషిని చూపించటం. 'మలేరియా' అన్న పేరు గాలిని దోషిగా నిలబెట్టింది. ఆ తీర్పు తప్పని తేలి నూరేళ్లు దాటినా పేరు మాత్రం మారలేదు.

మాట ఇటలీది. 'మాల' అంటే చెడ్డ, 'అరియా' అంటే గాలి. రెండూ కలిసి చెడుగాలి. దీన్ని ఇంగ్లీషులోకి మొదట తెచ్చినవాడుగా నిఘంటుకారులు చూపేది హొరేస్ వాల్పోల్‌ని. ఈయన ఇంగ్లండు ప్రధానమంత్రి కొడుకు. ఆ రోజుల్లో సంపన్నుల బిడ్డలు చదువు ముగిశాక ఒకటి రెండేళ్లు యూరపు దేశాలు తిరిగివచ్చేవాళ్లు. అలా తిరుగుతూ 1740 వేసవిలో రోమ్‌లో వుండి స్నేహితుడికి రాసిన వుత్తరంలో, ఏటా వేసవిలో ఈ నగరానికి వచ్చి మనుషుల్ని చంపే భయంకరమైన వస్తువు ఒకటి వుందని చెబుతూ ఈ మాట వాడాడు. గమనించండి: ఆ మాట రాసినవాడు ఆ వూరివాడు కాడు, రోగీ కాడు. అతనొక యాత్రికుడు. వేసవి ముదరకముందే పెట్టె సర్దుకుని వెళ్లిపోగలిగినవాడు. రోమ్ చుట్టూ వున్న కంపాఞా మైదానంలో కోతలకోసం కొండప్రాంతాలనుంచి దిగివచ్చే కూలీలకి ఆ వీలు లేదు. ఆ మైదానం పెద్దపెద్ద భూస్వాముల చేతుల్లో వుండేది. పూర్వకాలపు మురుగు కాలవలు పూడిపోయి, సాగు తగ్గి, భూమి పశువుల మేతకి వదిలేసివుండేది. నీళ్లు నిలిచిపోయేవి. నిలిచిపోయిన నీటిని, ఆ నీరు నిలవటానికి కారణమైన భూస్వామ్యాన్ని వదిలి, పైన వీచే గాలిమీద నేరం మోపారు. గాలికి యజమాని లేడు గనక ఎవరికీ నొప్పి తగల్లేదు.

(యూరపు ఖండం మొత్తానికి జబ్బుల పేర్లు ఇటలీయే ఎగుమతి చేసిందా అనిపిస్తుంది. 'ఇన్‌ఫ్లుయెంజా' కూడా అక్కడిదే. నక్షత్రాల ప్రభావం అని అర్థం. అది 1743లో ఇంగ్లీషులో కాలుపెట్టింది. మూడేళ్ల తేడాలో ఒక జబ్బుకి గాలి, ఇంకో జబ్బుకి చుక్కలు కారణమయ్యాయి. వోడల్ని నలభై రోజులు రేవు బయట ఆపే వెనిస్ ఆచారంనుంచి 'క్వారంటైన్' వచ్చింది. ఈ మూడింటిలో మనుషులు చేసిన పనిని చెప్పేది ఆ చివరిది ఒక్కటే.)

మొదట్లో ఇంగ్లీషులోనూ మలేరియా అంటే జబ్బు కాదు, జబ్బు తెచ్చే ఆవిరి. బురదనేలనుంచి, కుళ్లిన ఆకులనుంచి పైకి లేచే విషవాయువు. ఈ మాటని వైద్యంలో స్థిరపరిచినవాడు జాన్ మెకలక్. ఆయన స్కాట్లండు భూగర్భ శాస్త్రవేత్త. 1827లో ఈ మాటనే శీర్షికగా పెట్టి ఒక గ్రంథం రాశాడు. నేలా నీరూ చదివినవాడు గనక జబ్బుని కూడా నేలలోంచే తవ్వితీయాలని చూశాడు. విషవాయువు పేరు ఆ వాయువు తెస్తుందనుకున్న జ్వరానికి పేరుగా మారటానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇంగ్లండులో ఈ జ్వరం లేక, ఇటలీనుంచి పేరు అరువు తెచ్చుకోవలసి వచ్చిందా? కాదు. ఎసెక్స్, కెంట్ తీరపు చిత్తడి నేలల్లో, తూర్పున ఫెన్స్ అనే బురద ప్రాంతంలో ఈ జ్వరం తరతరాలుగా వుంది. దానికి వాళ్ల సొంత పేరు 'ఏగ్యూ'. లాటిన్‌లో 'తీవ్ర జ్వరం' అనే రెండు మాటల్లో జ్వరం జారిపోయి, తీవ్రం అన్నది ఫ్రెంచి మీదుగా వచ్చి ఏగ్యూ అయింది. జనం వాడుకలో దానికి వణుకు అనే అర్థం గట్టిపడింది. అంటే మన చలిజొరానికి సరిగ్గా సరిపోయే మాట. షేక్‌స్పియరు నాటకాల్లోనూ వుంది. డేనియల్ డెఫో 1720ల్లో ఎసెక్స్ తీరం తిరిగి ఒక విడ్డూరం రాశాడు. అక్కడి రైతులు మెట్టప్రాంతాలనుంచి పెళ్లాల్ని తెచ్చుకుంటారట. ఆ నేలలో పుట్టిపెరిగిన మగవాడికి ఏమీ కాదు. బయటినుంచి వచ్చిన ఆడది ఏడాది రెండేళ్లలో జ్వరంతో పోతుంది. అతను మళ్లీ ఇంకొకతెను తెచ్చుకుంటాడు. ఇరవై అయిదో భార్యతో కాపురం చేస్తున్న రైతు సంగతి కూడా విన్నానంటాడు. ఆ చెప్పినవాడు కొంత కలిపి చెప్పివుంటాడని డెఫోయే ఒప్పుకుంటాడు. సంఖ్య అబద్ధం కావచ్చుగానీ సారం నిజం. చిన్నప్పటినుంచీ ఆ జ్వరంతో బతికినవాళ్లకి వొంట్లో కొంత తట్టుకునే శక్తి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు దెబ్బతింటారు. 'నేల చెడ్డది' అన్న మాట ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడి నోటే ఎందుకు పుడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆ బురదలో బతికినవాడి మాట ఏగ్యూ. పక్కదేశం చూడబోయినవాడి మాట మలేరియా. పందొమ్మిదో శతాబ్దంలో రెండో మాట మొదటిదాన్ని తోసేసింది. ఆ శతాబ్దంలోనే ఇంగ్లీషువాడు భూమండలం నలుమూలలా తన సైన్యాల్ని పరాయి నేలమీద దించి వున్నాడన్నది యాదృచ్ఛికం కాదు. తన వూరి వణుకు గురించి మాట్లాడుకునేవాడికి ఏగ్యూ చాలు. ఇతరుల నేలని గురించి తీర్పు చెప్పేవాడికి చెడుగాలి కావాలి.

ఇక మనవైపు చూద్దాం. ఆయుర్వేదం దీన్ని విషమజ్వరం అన్నది. వచ్చే తీరునిబట్టి అన్యేద్యుష్కం, తృతీయకం, చతుర్థకం అని విడదీసింది. రోజూ వచ్చేది, రోజు విడిచి రోజు వచ్చేది, రెండు రోజులు విడిచి వచ్చేది. రోగి మంచం పక్కన కూచుని రోజులు లెక్కపెట్టినవాడు పెట్టిన పేర్లవి. ఆ లెక్క ఎందుకు అలా వస్తుందో, క్రిమి నెత్తుటి కణాల్లో పెరిగి అవి పగిలే వేళకీ చలికీ వున్న సంబంధం ఏమిటో తరవాత తేలింది. లెక్క మాత్రం తప్పు కాదు.

తెలుగులో గాలి నింద లేదా? వుంది. పిల్లాడికి గాలి సోకిందంటాం. గాలీ ధూళీ అంటాం. కాని ఆ గాలి వేరు. అది ఎవరో చచ్చినవాళ్ల గాలి, దారిలో ఎదురుపడ్డ గాలి. దానికి పేరుంటుంది, కోరిక వుంటుంది. దిష్టి తీసి, పెట్టవలసింది పెడితే పోతుంది. సవరలకి ఇది మరీ స్పష్టం. వాళ్ల మతం గురించి 1955లో పెద్ద గ్రంథం వెలువరించిన వెరియర్ ఎల్విన్ పుటల నిండా 'సోనుం'లే. చనిపోయిన పెద్దల సోనుం, కొండ సోనుం, సూర్యుడి సోనుం. జబ్బు చేసిందంటే ఏదో సోనుంకి ఏదో కావాలని అర్థం. పూజారి దాన్ని పిలిచి అడుగుతాడు, బేరమాడతాడు. ఇది మూఢనమ్మకమే, దాన్ని సమర్థించనక్కరలేదు. కాని ఒక తేడా చూడాలి. సోనుం ఒక మనిషికీ ఇంకొకరికీ మధ్య తెగని సంబంధం. అది ఒక ప్రాంతాన్ని మొత్తంగా నరకమని ప్రకటించదు. చెడుగాలి ఆ పని చేస్తుంది.

పల్లపు తెలుగువాడు గాలికంటె నీటిని ఎక్కువ తిట్టాడు. 'ఆ వూరి నీళ్లు పడలేదు' అంటాడు. తాగే నీటిగురించి అతను చెప్పింది తప్పే. కాని నిజం చివరికి నీటిలోనే, దోమపిల్లల రూపంలో దొరికింది.

ఇంగ్లీషువాడి చెడుగాలి మన కొండలమీదికి ఎలా వచ్చింది? పాతపట్నం ఆనాడు గంజాం జిల్లాలో, పర్లాకిమిడి జమీందారీలో భాగం. ఆ జమీందారీలోనూ విశాఖపట్నం జిల్లాలోనూ తిరుగుబాట్లు చెలరేగితే, 1832లో జార్జి రస్సెల్‌ని ప్రత్యేక కమిషనరుగా పంపారు. తరవాత గుంసూరు యుద్ధం. ఈ దాడుల్లో కంపెనీ సైన్యాన్ని కొండవాళ్ల బాణాలకంటె జ్వరం ఎక్కువ పీడించింది. రస్సెల్ సిఫార్సుల ఫలితంగా 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధినుంచి తీసేసి, కలెక్టరుని గవర్నరు ఏజెంటుగా చేసి అతని చేతిలో పెట్టారు. 'ఏజెన్సీ' అన్న మాట మనకి అలా వచ్చింది. ఇవాళ అడవి అన్న అర్థంలో వాడుతున్న ఈ మాటకి అసలు అర్థం ఒక వుద్యోగి హోదా!

1840ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యశాఖ డివిజన్లవారీగా వైద్య స్థలవర్ణనలు అచ్చువేసింది. ఏ కోటలో గాలి మంచిది, ఏ కనుమలో చెడ్డది, సిపాయిల్ని ఎక్కడ దించవచ్చు అన్నదే అందులో యావ. రోగాల పటం దండు విడిదికి తోడుగా గీసిన పటం. ఆ పటంలో మన్యం మొత్తం చెడుగాలి రంగు పూసుకుంది. 1879లో రంప తిరుగుబాటు అణచబోయినప్పుడు పోలీసులూ సైన్యమూ జ్వరాలతో మూలిగారు. ఆ రంగు మరింత చిక్కబడింది.

ఆ పటాన్ని చూసి ఎవరు వెనకాడారు, ఎవరు వెనకాడలేదు అన్నదే నా మటుకు అసలు ప్రశ్న. బడిపంతులు వెళ్లడు, గాలి మంచిది కాదు. డాక్టరు వెళ్లడు, గాలి మంచిది కాదు. గుమస్తా వెళితే అది శిక్ష. షావుకారు మటుకు వెళ్లాడు. ఉప్పూ బట్టా నెత్తిన పెట్టుకుని ఎక్కి, చింతపండూ పసుపూ దింపుకుని, అప్పు రాసుకుని, చివరికి భూమి రాయించుకున్నాడు. ఎంతగా రాయించుకున్నాడంటే 1917లో మద్రాసు ప్రభుత్వమే ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీనీ భూమి బదిలీనీ అదుపుచేసే చట్టం తేవలసివచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో మళ్లీ ఒక రెగ్యులేషను, 1970లో దానికి సవరణ. అప్పిచ్చేవాణ్ణి ఆపలేని గాలి, మందిచ్చేవాణ్ణి మాత్రమే ఆపింది! ఇలాంటి గాలిని ఏ శాస్త్రవేత్తా ఇంతవరకూ వివరించలేదు.

శాస్త్రం తన పని తాను చేసింది. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి నెత్తురులో క్రిమిని చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ మచ్చల రెక్కల దోమ పొట్టలో ఆ క్రిమి పెరగటం చూశాడు. ఆ దోమలచేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్ కవి కూడా. కనిపెట్టిన వెంటనే పద్యం రాశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కి వచ్చింది కొన్ని అణాలు. ఇటలీలో గ్రాసీ మరుసటి ఏడాదే మనిషి మలేరియాని మోసేది అనాఫిలిస్ దోమ అని రుజువుచేశాడు. ఇద్దరూ జీవితాంతం కీర్తికోసం కొట్టుకున్నారు. ఆ గొడవ మనకెందుకుగాని, పేరు పుట్టిన ఇటలీలో ఆ తరవాత జరిగింది మనకి ముఖ్యం. గాలి దోషం కాదని తేలగానే అక్కడి సంస్కర్తలు భూస్వామివైపు వేలు చూపారు. 1900లో ప్రభుత్వ క్వినైను చట్టం తెచ్చి చవకగా మందు అమ్మించారు. తరవాత కూలీల మందు ఖర్చు యజమానుల నెత్తిన పెట్టారు. దోషి మారితే చట్టం మారింది. మన మన్యంలో శాస్త్రం మారిందిగాని పటం మారలేదు.

పటం ఎంత తప్పో 1930ల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్-వైట్ జయపురం కొండల్లో చేసిన పని చూపించింది. అక్కడ జ్వరం పంచే దోమల్లో ముఖ్యమైనది కుళ్లు నీళ్లలో పుట్టేది కాదు. నెమ్మదిగా పారే తేట సెలయేట్లో, గట్టు గడ్డి నీడలో పుట్టేది. కంపు లేదు, ఆవిరి లేదు. మన కవులు వర్ణించే కొండవాగే దాని పుట్టిల్లు. మైదానంలో అయితే రైలుకట్టకోసం మన్ను తవ్వి వదిలేసిన గుంటలు కొత్త దోమల్ని పెంచాయని ఆ కాలపు నిపుణులే చెప్పారు. అంటే కొన్నిచోట్ల 'చెడుగాలి' రైలెక్కి వచ్చింది.

ఈ కథలో మన భాషకి సంబంధించిన మనిషి ఒకరున్నారు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పాతపట్నానికి ఆనుకునివున్న పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి. 'గాలి మంచిది కాదు' అని అందరూ ఆగిన చోట ఆయన ఆగలేదు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడు. కొండలెక్కి సవర గూడేలు తిరిగాడు. పిల్లలకి బడులు పెట్టాడు. మలేరియా పట్టుకుంది. క్వినైను మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నాడు. క్వినైను మోతాదు మించితే చెవుల్లో హోరు పుట్టి, చెవుడు రావటం వైద్యులెరిగినదే. ఆ మందు పేరుకూ ఒక కథ వుంది. పెరూ కొండజాతుల క్వెచువా భాషలో 'కినా' అంటే చెట్టు బెరడు. 1820లో పారిస్‌లో ఇద్దరు రసాయనకారులు ఆ బెరడులో సారం తీసి క్వినైను అన్నారు. చెట్టుకి మాత్రం లిన్నేయస్ ఒక స్పెయిన్ దొరసాని పేరు మీదుగా 'సింకోనా' అని పెట్టాడు. ఆ దొరసానికి ఈ బెరడుతో జ్వరం తగ్గిందన్న కథ కల్పన అని తేలిపోయింది. పైగా ఆ పేరులో అక్షరం కూడా జారిపోయింది. కొండవాళ్ల మాట మందు పేరులో మిగిలిందిగాని, చెట్టు పేరులో దొరసాని కూచుంది.

మనుషుల నోట వినపడే తెలుగే రాతలో వుండాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు ఆ తెలుగుని సరిగ్గా వినలేకపోయాడు. సవరల భాష తెలుగు కుటుంబానిదే కాదు, ముండా కుటుంబానిది. అందులోని ధ్వనులు పట్టుకోవటం బాగా వినేవాళ్లకే కష్టం. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. కొడుకు సీతాపతి ఆ పనిలో తోడు. ఈ మధ్యలో 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. పాతపట్నం ఇటు మిగిలింది. గిడుగు ఇల్లు వదిలి రాజమండ్రి చేరాడు.

స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి ఈ జ్వరం వచ్చేదని, 8 లక్షలమంది చనిపోయేవాళ్లని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలై, డి.డి.టి. చల్లి, 1960ల నడుమకి కేసుల్ని లక్షకి దించారు. గాలి అదే, కొండ అదే! తరవాత దోమలు మందుకి లొంగకపోవటం, నిఘా సడలటం వల్ల 1976లో కేసులు 64 లక్షలకి ఎక్కాయి. అప్పుడూ కొండగాలి మారలేదు. మారింది పట్టింపు. ఇప్పుడు 2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం. మిగిలిన కేసుల్లో పెద్దవాటా అడవులదీ కొండలదే.

ఇక్కడే రచయితలతో నాకు తగువు. మన కథల్లో ఏజెన్సీకి బదిలీ అయిన వుద్యోగి ఒకడు తరచు కనిపిస్తాడు. అతను ఘాట్ రోడ్డెక్కగానే గాలి బరువెక్కుతుంది. పచ్చదనం వెనక విషం పొంచివుంటుంది. మూడో పేజీలో జ్వరం వస్తుంది, నాలుగో పేజీలో సెలవుచీటీ. కథ సానుభూతితోనే రాసింది. కాని ఆ సానుభూతి అంతా వణికే వుద్యోగికే. అతని మంచం కింద కుంపటి పెట్టి, గంజి కాచిపోసిన గిరిజన స్త్రీకి కూడా అదే జ్వరం వుందన్న సంగతి ఆ కథకి గుర్తుండదు. ఆమె రక్తం ఎవరూ పరీక్షించరు. ఆమెకి సెలవు లేదు. నెలలు నిండాక డోలీలో మోసుకుపోయేటప్పుడు ఆమె వొంట్లో నెత్తురు తక్కువగా వుండటానికి కారణాల్లో ఈ జ్వరమూ ఒకటి. వాల్పోల్ రోమ్‌నుంచి రాసిన వుత్తరంలో కూడా కోత కూలీ ఎవరూ లేరు.

2022లో పార్వతీపురం కేంద్రంగా ఏర్పడిన జిల్లాకి 'మన్యం' అని పేరు చేర్చారు. జ్వరానికి విశేషణంగా వాడిన మాట జిల్లా పేరైంది. పాతపట్నం ఆ జిల్లాలో చేరలేదు, శ్రీకాకుళంలోనే వుంది. సంతరోజు కొండదిగి వచ్చేవాళ్లు మటుకు ఏ గీతా చూడకుండా ఎప్పటిలాగే వస్తున్నారు. వాళ్లలో జొరమొచ్చినవాడు తన జొరాన్ని ఏ మాటతో చెప్పుకుంటున్నాడో, ఈసారి కథ రాసేముందు ఎవరైనా వెళ్లి విని రాసుకొస్తే బాగుంటుంది.